బంజరు అని రాసిన నేల: ఉద్దానం తీరంలో ఇంధన ప్రాజెక్టుల చరిత్ర

ముందు పాఠంలో మీరు కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు అన్వేషణ గురించి చదివారు. 1987లో రవ్వ క్షేత్రం బయటపడటం, 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండటం, 2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో డి6 క్షేత్రం కనిపించడం మీకు గుర్తుండే ఉంటాయి. ఈ పాఠంలో అక్కడి నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి, శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, సోంపేట తీరానికి వెళ్తాం. వెంటనే మీకొక అనుమానం రావచ్చు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలున్నాయి గాని చమురు బావులు ఎక్కడున్నాయి? ఇంధన చరిత్రలో ఆ ప్రాంతానికి ఏం పని?

చమురు బావులు లేని మాట నిజమే. ఈ తీరం వెంట నేల కింద ఎక్కువగా ఉన్నది తూర్పు కనుమల పురాతన శిల, ఖోండలైటు. గోదావరి డెల్టాలో లాగా వేల మీటర్ల మందాన ఒండ్రు పేరుకున్న పొరలు ఇక్కడి నేల కింద లేవు. అయినా 2008 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్రంలో అతి పెద్ద ఇంధన ప్రాజెక్టుల్లో రెండింటికి ఈ తీరాన్నే ఎంచుకున్నారు. నేల కింద ఉన్నదాని కోసం వాళ్లు రాలేదు. నేల మీద ఏమీ లేదనుకుని వచ్చారు. ఈ పాఠం చెప్పదలచుకున్నది ఆ 'ఏమీ లేదు' అనే మాట గురించే. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ కాగితం మీద రాసి ఉంది, దాన్ని ఎవరు ఒప్పుకోలేదు, ఒప్పుకోనందుకు ఏం జరిగింది అన్నవి మనం చూడవలసిన విషయాలు.

అంచు ప్రాంతం అంటే ఏమిటి?

ఇంగ్లీషు పుస్తకాల్లో 'ఫ్రాంటియర్' అనే మాట మీకు తరచు కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంకా సరిగా తవ్వి చూడని బేసిన్‌ను ఫ్రాంటియర్ బేసిన్ అంటారు. చరిత్రకారుల వాడుక వేరు. రాజ్యం, పెట్టుబడి కొత్తగా అడుగుపెడుతున్న దూరపు ప్రాంతాన్ని వాళ్లు ఫ్రాంటియర్ అంటారు. ఇక్కడ దాన్ని 'అంచు ప్రాంతం' అని పిలుద్దాం. దూరం అన్నది ఎక్కడి నుంచి కొలుస్తున్నామో దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదు నుంచి చూస్తే సోంపేట రాష్ట్రం చివర ఉన్నట్టు కనిపిస్తుంది. సోంపేటలో నిలబడితే మాత్రం పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం, దగ్గరలోనే మద్రాసు హౌరా రైలు మార్గం, కూతవేటు దూరంలో ఒడిశా. అక్కడివాళ్లకు తమ ఊరు దేనికీ అంచు కాదు.

ఉద్దానం అనే పేరు 'ఉద్యానవనం' నుంచి వచ్చిందని ప్రతీతి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు ప్రధానంగా దీని కిందికి వస్తాయి. ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస పండుతాయి. పలాస కాశీబుగ్గ జంట పట్టణం జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పప్పు తీసే పరిశ్రమకు పేరుపొందింది. ఇవన్నీ పాఠశాల పుస్తకాల్లో ఉండేవే. వాటిలో సాధారణంగా కనిపించని సంగతి ఒకటుంది. ఈ తోటలకూ సముద్రానికీ మధ్య, పల్లపు ప్రాంతాల్లో, ఏడాదిలో చాలా నెలలు నీరు నిలిచే చిత్తడి నేలలు ఉన్నాయి. సోంపేట వైపు దీన్ని 'బీల' అంటారు. టెక్కలి, సంతబొమ్మాళి వైపు 'తంపర' అంటారు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. వీటికి సమానమైన గడి రెవెన్యూ రికార్డులో లేదు. జరిగిన గొడవలో సగం అక్కడే మొదలైంది.

అంతకు ముందటి కథ

ఈ తీరం మీద ప్రభుత్వం కన్ను పడటం 2008లో మొదలైన సంగతి కాదు. నౌపడ ఉప్పు మళ్లను తీసుకోండి. కుంపిణీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో 1805లో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. అంతవరకు ఉప్పునీటి కయ్యల పక్కన ఉండేవాళ్లు తమ అవసరానికి తామే ఉప్పు తీసుకునేవారు. గుత్తాధికారం వచ్చాక అదే పని నేరమైంది. 1889 మద్రాసు ఉప్పు చట్టం ఆ కట్టడిని ఇంకా బిగించింది. 1890లలో తీరం వెంట రైలు మార్గం వచ్చింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు చిన్న రైలు వేయించారు. 'ఎవరికీ పట్టని' ఉప్పు నేల ఈ విధంగా ఖజానాకు రాబడి తెచ్చే నేలగా మారింది.

రెండవ ఘట్టం మందసది. ఉప్పు స్థానంలో ఇక్కడ అడవి ఉంది, మిగిలిన తీరు అదే. మందస జమీందారీలో అడవి నుంచి కట్టెలు, కలప తెచ్చుకోవడం రైతులు తమ హక్కు అనుకునేవారు. అడవి తనది అని జమీందారు అన్నాడు. 1940 మార్చి చివరి వారంలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యాడు. మహాసభ ముగిసి వారం తిరగకముందే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతులను అరెస్టు చేసి తీసుకుపోతున్న పోలీసులకు గ్రామస్థులు అడ్డం పడ్డారు. కాల్పులు జరిగాయి. వాళ్లకు ముందు నిలబడిన సాసుమాన గున్నమ్మ, మరికొందరు చనిపోయారు. ఆమెను ఈ ప్రాంతంలో ఇప్పటికీ వీరగున్నమ్మ అనే పిలుస్తారు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలోని ఈ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1967 నుంచి 1970 వరకు సాగిన శ్రీకాకుళ సాయుధ పోరాటానికి పలాస దగ్గరి బొడ్డపాడు ఒక ముఖ్య కేంద్రం. ఆ పోరాటాన్ని వేరే పాఠంలో వివరంగా చదువుతారు కనుక ఇక్కడ ఒక్క మాటతో ఆపుతాను. 2010లో సోంపేట రైతులు రోడ్డు మీదకు వచ్చినప్పుడు, నేల కోసం కొట్లాడిన జ్ఞాపకం వాళ్ల ఇళ్లలో మూడు తరాల నుంచి ఉంది. అధికారుల ఫైళ్లలో కూడా ఆ జ్ఞాపకం ఉంది, 'సమస్యాత్మక ప్రాంతం' అనే పేరుతో.

వాయువు తగ్గి, బొగ్గు ఒడ్డుకు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొత్త శతాబ్దంలో ఇన్ని విద్యుత్ కేంద్రాలు ఒక్కసారిగా తీరం వెంట ఎందుకు తలపెట్టారు?

మొదటి కారణం చట్టం. 2003 విద్యుత్ చట్టం థర్మల్ విద్యుత్ ఉత్పత్తికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. అంతకు ముందు కేంద్రం పెట్టాలంటే విద్యుత్ బోర్డుతో ఒప్పందం కుదరాలి. ఇప్పుడు డబ్బు, భూమి, నీరు, బొగ్గు, పర్యావరణ అనుమతి ఉంటే ఏ కంపెనీ అయినా పెట్టుకోవచ్చు. అంతవరకు రోడ్లు, భవనాలు కట్టే కంపెనీలు కూడా విద్యుత్ వ్యాపారంలోకి వచ్చాయి.

రెండవ కారణం మన గోదావరి వాయువు. డి6 నుంచి 2009 ఏప్రిల్‌లో వాయువు రావడం మొదలైంది. 2010 నాటికి రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. దాన్ని నమ్ముకుని గోదావరి జిల్లాల్లో వాయువుతో నడిచే కేంద్రాలు కట్టారు. ఆ తరువాత ఉత్పత్తి ఏటికేడు పడిపోయింది, 2013 నాటికి నాలుగో వంతు కూడా మిగల్లేదు. కట్టిన కేంద్రాలు వాయువు లేక ఖాళీగా నిలిచిపోయాయి. ఒక్క విషయంలో జాగ్రత్త పడండి. సోంపేట, కాకరాపల్లి ప్రతిపాదనలు 2008 నాటివి, డి6 పతనం కంటే ముందువి. కాబట్టి 'వాయువు అయిపోయింది, అందుకే బొగ్గు వచ్చింది' అని పరీక్షలో రాస్తే తేదీలు మిమ్మల్ని తప్పుపడతాయి. రెండు ఇంధనాల మీదా ఒకేసారి పందెం కాశారు. వాయువు మీది పందెం ఓడిపోయాక బొగ్గును సమర్థించే వాదనకు బలం పెరిగింది.

మూడవది తీరం ఇచ్చే సౌకర్యం. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైలు మీద వస్తుంది. విదేశీ బొగ్గు ఓడలో వస్తుంది. యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీరు ఉంది. పైగా భూమి చవక.

ఒక కేంద్రం ఎంత పెద్దదో ఊహకు అందడానికి ఒక చిన్న లెక్క వేసి చూడండి. సోంపేటలో, కాకరాపల్లిలో తలపెట్టినవి ఒక్కొక్కటి 2640 మెగావాట్లవి, అంటే 660 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఏడాదిలో 85 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 1,965 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక యూనిట్‌కు దేశీయ బొగ్గు సుమారు 650 గ్రాములు కావాలనుకుంటే ఏడాదికి దాదాపు కోటీ 28 లక్షల టన్నుల బొగ్గు. గూడ్సు రైలుకు 3,900 టన్నుల చొప్పున లెక్కిస్తే రోజుకు తొమ్మిది రైళ్లు. మన బొగ్గులో బూడిద మూడో వంతుకు పైనే ఉంటుంది. అంటే ఏటా 40 లక్షల టన్నులకు మించిన బూడిదను ఎక్కడో ఒకచోట పోయాలి. విదేశీ బొగ్గు అయితే ఈ అంకెలు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఈ లెక్కను మీరే కాగితం మీద ఒకసారి వేసుకోవడం మంచిది. ఉద్యమాన్ని సమర్థించేవారైనా, వ్యతిరేకించేవారైనా ఆ బూడిద ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే.

సోంపేట బీల

2008 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ద్వారా సోంపేట మండలంలో సుమారు 970 ఎకరాల ప్రభుత్వ భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి విద్యుత్ కేంద్రం కోసం కేటాయించింది. మిగిలినది పట్టా భూముల నుంచి రావాలి. ఆ ప్రభుత్వ భూమిలో అధిక భాగం బీల. కాగితం మీద అది సాగులో లేని నేల. నిజంగా అక్కడ ఏం జరిగేది? వానాకాలంలో చుట్టుపక్కల నుంచి వచ్చిన నీరు అందులో చేరుతుంది. ఆ నీరు చుట్టూ ఉన్న ఊళ్ల పొలాలకు తడి ఇస్తుంది. దాని మీద ఆధారపడిన ఎత్తిపోతల పథకాలు కూడా ఉన్నాయి. మత్స్యకారులు అందులో చేపలు పడతారు. పశువులు మేస్తాయి. తుంగ కోసుకుంటారు. ఎండాకాలంలో బావులు ఎండకుండా ఉండటానికి ఆ నీరే ఆధారమని రైతులు చెప్పేవారు. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ పట్టా లేదు, శిస్తు లేదు. కనుక అడంగల్‌లో జాడ లేదు.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు కేంద్రానికి అనుమతి ఇవ్వవలసింది కేంద్ర ప్రభుత్వం. దానికి ముందు స్థానికంగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సోంపేటలో అది 2009 ఆగస్టులో జరిగింది. వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు వద్దనే చెప్పారు. అయినా 2009 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చింది. ఇక్కడ చట్టంలోని ఒక మెలిక గమనించండి. ప్రజలు చెప్పింది విని నమోదు చేయాలి అని నోటిఫికేషన్ అంటుంది గాని, ప్రజలు కాదంటే ప్రాజెక్టు ఆగిపోవాలి అని ఎక్కడా అనదు. ఊళ్లో జనం మాత్రం 'మేం వద్దన్నాం కదా, ఇంకేమిటి?' అనుకున్నారు. చట్టం మాటకూ జనం అర్థం చేసుకున్నదానికీ మధ్య ఉన్న ఈ తేడా తరువాత జరిగినదంతా అర్థం కావడానికి చాలా అవసరం.

పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో రైతులు, మత్స్యకారులు, ఊరి చదువుకున్నవారు ఒకటయ్యారు. సోంపేటలో వైద్యులుగా ఉన్న డాక్టర్ వై. కృష్ణమూర్తి దానికి ముందు నిలిచారు. రిలే నిరాహార దీక్షల శిబిరం మొదలై ఏళ్ల తరబడి నడిచింది. ఒకప్పుడు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ, మానవ హక్కుల వేదిక వంటివారు వెన్నుదన్నుగా నిలిచారు. పోరు రెండు చోట్ల సాగింది. ఒకటి శిబిరంలో, రెండవది ఢిల్లీలో, 1997 చట్టం కింద ఏర్పడిన జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు.

2010 జూలై 14న, కె. రోశయ్య ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, భారీ పోలీసు బందోబస్తు మధ్య పనులు మొదలుపెట్టడానికి కంపెనీ పూనుకుంది. జనం వేలల్లో బీల గట్ల మీదకు వచ్చారు. ఆడవాళ్లు ముందు వరసలో నిలబడ్డారు. లాఠీలు, బాష్పవాయువు, చివరకు తుపాకులు. ఇద్దరు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ఆ వెంటనే, ఒకటి రెండు రోజుల తేడా కూడా లేకుండా, ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. అనుమతి ఇచ్చేటప్పుడు ఆ స్థలం చిత్తడి నేల అన్న సంగతిని సరిగా చూడలేదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. అది బంజరు కాదు, చిత్తడి నేల అని జనం రెండేళ్లుగా చెబుతున్నారు. అధికార సంస్థ అదే మాట కాగితం మీద రాసే సమయానికి ఇద్దరు చనిపోయి ఉన్నారు. ఆ తీర్పు కొద్ది వారాల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం చరిత్రకారుల పని కాదంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్న అడగకుండా ఈ పాఠం దాటిపోవడం కష్టంగా ఉంది.

కాకరాపల్లి తంపర

సోంపేటలో అనుమతి రద్దయింది కనుక పక్కనే ఉన్న రెండవ ప్రాజెక్టు విషయంలో ప్రభుత్వం ఆగి ఆలోచించి ఉంటుందని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు.

సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీకి జీవో 1108 ద్వారా రెండు వేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. జీవో సంఖ్యలు చూడండి, 1107, 1108. రెండు తంపరలు ఒకదాని వెనుక ఒకటి ఫైలు దాటాయి. ఈ కేంద్రానికి 2009 ఏప్రిల్‌లోనే పర్యావరణ అనుమతి వచ్చింది. దగ్గరలోనే తేలినీలాపురం పక్షుల విడిది ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టి, తంపరలో చేపలు తిని పిల్లలను పెంచుతాయి. వీటిని ఊళ్లో సైబీరియా పక్షులంటారు. నిజానికి అవి దక్షిణాసియా పక్షులే. అయినా పిల్లలు పుట్టడానికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాగా చూసుకుంటారు గనుక, ఎంత దూరం నుంచి వచ్చాయంటే అంత గొప్ప.

పక్షుల మాట ఢిల్లీకి తొందరగా వినిపించింది. మనుషుల మాట అంత తొందరగా వినిపించలేదు. వడ్డితాండ్ర, ఆకాశలక్కవరం, హనుమంతునాయుడుపేట వంటి ఊళ్లలో తంపర చేపల మీద, ఉప్పు పని మీద బతికేవాళ్లకు, పల్లపు పొలాలున్న రైతులకు మరొక భయం ఉంది. తంపర నీటిని తనలో నిలుపుకుంటుంది. దాన్ని మట్టితో ఎత్తు చేస్తే వాన నీరు ఎటు పోతుంది? ఊళ్ల మీదికే కదా. ఇంజనీర్లు కాలువలు తవ్వి పంపుతామన్నారు. తుఫాను వస్తే సముద్రమూ వానా ఒకేసారి ఎదురెదురుగా వచ్చే ఈ తీరంలో ఆ హామీని జనం నమ్మలేదు.

2011 ఫిబ్రవరి చివరి వారంలో గ్రామాల మీదికి పోలీసు బలగాలు దిగాయి. ఫిబ్రవరి 28న కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. వడ్డితాండ్రలో ఇళ్లు తగలబడ్డాయి. అప్పటికి ఎన్. కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యి మూడు నెలలు. కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ పనులు ఆపించారు. తరువాత షరతులతో మళ్లీ అవకాశం వచ్చింది, నిర్మాణం కొంత నడిచింది, మధ్యలో ఆగింది. చివరకు కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ భూకేటాయింపు జీవోను రద్దు చేయాలని నిర్ణయించింది.

ఇద్దరు చనిపోయిన చోట ఒక కేంద్రం అనుమతి పోగొట్టుకుంది. మరో ఇద్దరు చనిపోయిన చోట కేంద్రం సగంలో నిలిచిపోయింది. ఈ రెండింటి నుంచి వెలుగు రాలేదు.

రెండో వైపు వాదన

ఇంతవరకు చదివి మీరు ఒక నిర్ణయానికి వచ్చి ఉంటే, కొంచెం ఆగండి. ప్రాజెక్టు కావాలన్నవారి మాట వినకుండా చరిత్ర రాయకూడదు.

ఆ రోజుల్లో రాష్ట్రంలో కరెంటు కొరత కల్పితం కాదు. 2012లో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు 'పవర్ హాలిడే' ప్రకటించారు. రైతులకు ఉచితంగా ఇచ్చే ఏడు గంటల కరెంటు కూడా ఎక్కడి నుంచో రావాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి యువకులు విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి కూలికి పోతారు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి పడవల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో వాళ్లలో కొందరు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడి నెలల తరబడి జైల్లో ఉన్నారు. అటువంటి జిల్లాలో ఒక పెద్ద పరిశ్రమ వస్తుందంటే ఆశపడేవాళ్లు ఉండటం సహజం. కొన్ని ఊళ్లు నిలువునా చీలిపోయాయి. భూమి ఇచ్చినవాడు, ఇవ్వనివాడు ఒకే వీధిలో ఉండి మాట్లాడుకోని రోజులున్నాయి.

ఈ వాదనలో నాకు బలంగా కనిపించేది ఉద్యోగాల మాట. బలహీనంగా కనిపించేది కూడా అదే. 660 మెగావాట్ల ఆధునిక యూనిట్‌ను నడపడానికి కావలసినవారు వందల్లోనే ఉంటారు, వాళ్లలోనూ ఎక్కువమంది సాంకేతిక విద్య ఉన్నవారు. నిర్మాణ సమయంలో కూలి పని దొరుకుతుంది, అది ముగిశాక పోతుంది. బీలలో చేపలు పట్టే పని చిన్నదే. కాని అది ఏటా ఉంటుంది.

ఇంకొక సంగతి. ఉద్యమం లేకపోయినా ఈ కేంద్రాలు లాభంగా నడిచేవా? విదేశీ బొగ్గు అంటే అప్పట్లో ముఖ్యంగా ఇండోనేషియా బొగ్గు. ఆ దేశం 2010లో బొగ్గును అంతర్జాతీయ ధరల ప్రకారమే అమ్మాలని నిబంధన తెచ్చి, మరుసటి ఏడాది నుంచి పాత ఒప్పందాలకు కూడా వర్తింపజేసింది. చవక బొగ్గు మీద లెక్కలు వేసుకున్న తీర కేంద్రాలు దేశమంతటా చిక్కుల్లో పడ్డాయి. ఆ తరువాత కొన్నేళ్లకు సూర్యకాంతితో తీసే కరెంటు ధర బాగా పడిపోయింది. అందుకని 'ప్రజలు అడ్డుకున్నారు కాబట్టే కేంద్రం రాలేదు' అన్న వాక్యం ఎవరు చెప్పినా, గర్వంగా చెప్పినా నిందగా చెప్పినా, అది సగం నిజమే. కాకరాపల్లిని చివరకు ఆపింది శిబిరమా, బ్యాంకు అప్పా అన్నది మీరు ఆలోచించి రాయవలసిన ప్రశ్న.

నీటి భయం

ఉద్దానంలో ఇంధన ప్రాజెక్టుల మాట వచ్చిన ప్రతిసారీ వెంట వచ్చే మాట కిడ్నీ జబ్బు. దశాబ్దాలుగా ఈ మండలాల్లో మూత్రపిండాల వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉంది. దానికి అసలు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. నీటిని అనుమానించేవారు ఎక్కువ. ప్రభుత్వం ఉపరితల నీటిని పైపులతో తెచ్చే పథకం చేపట్టింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. విద్యుత్ కేంద్రం ఈ జబ్బును తెచ్చిందని ఎవరూ అనలేరు, ఎందుకంటే కేంద్రం రానేలేదు. కాని ఇంట్లో ఒకరు డయాలిసిస్ మీద ఉన్న మనిషికి 'బూడిద చెరువు నీరు భూమిలోకి దిగదు' అని ఒక నివేదిక చెబితే ఎంతవరకు నమ్మకం కలుగుతుంది? ఉద్యమం వెనుక ఉన్న భయాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ ప్రశ్నను పక్కన పెట్టలేం.

తుఫాన్ల మాట కూడా అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దశాబ్దాల వయసున్న కొబ్బరి, జీడిమామిడి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అటువంటి సమయంలో భూమి అమ్ముతారా అని అడిగేవాడికి బేరం సులువు. అంచు ప్రాంతంలో భూమి చేతులు మారడం ఎప్పుడూ జీవో వల్లనే జరగదు.

ఈ తీరం మీద ప్రతిపాదనలు ఆగలేదు. జిల్లాకు దక్షిణాన రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరింటికి స్థలం ఎంపిక చేశారు. కాకరాపల్లి ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఓడరేవు వస్తే దాని వెనుక ఏ పరిశ్రమలు వస్తాయి, వాటికి భూమి ఎక్కడి నుంచి వస్తుంది అన్న చర్చ అక్కడ ఇప్పుడు నడుస్తోంది.

మీరు చేయవలసిన పని

సంపర్క తరగతికి వచ్చే ముందు మీ ఊరి గ్రామ సచివాలయంలో అడంగల్ అడిగి చూడండి. మీది ఒకప్పటి జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ నాటి ఫెయిర్ అడంగల్ దొరుకుతుందేమో కూడా అడగండి. అందులో 'బంజరు', 'పోరంబోకు', 'వాగు', 'గడ్డ', 'చెరువు గర్భం' అని రాసి ఉన్న సర్వే నంబర్లలో ఏవైనా రెండు ఎంచుకోండి. ఆ నేల దగ్గరకు వెళ్లండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వీలైతే వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. అక్కడ కనిపించిన వారిని, ముఖ్యంగా పశువులు తోలుకొచ్చినవారిని, కట్టెలు ఏరుకునే ఆడవాళ్లను, వల వేసేవారిని, ఏ నెలలో ఏ పనికి వస్తారో అడిగి తేదీతో సహా రాసుకోండి. రికార్డులోని గడిలో ఉన్న మాటను పేజీకి ఎడమ వైపు, మీరు రాసుకున్నదాన్ని కుడి వైపు ఉంచి, ఆ కాగితాన్ని మీ అధ్యయన కేంద్రానికి తీసుకురండి.